తొమ్మిదో మనిషి

గ్రేలింగ్, సస్కాచువాన్
29 ఏప్రిల్ 1951

తమ్ముడు ఎయినార్‌కు,

నువ్వు క్షయ శానటోరియంలో చేరి పద్దెనిమిది రోజులైంది. "చేరాను, కిటికీ పక్క మంచం" అన్న కార్డుముక్క తప్ప నీ దగ్గర్నుంచి ఇంకేమీ రాలేదు. కదలకుండా పడుకోబెట్టారేమో, రాయొద్దన్నారేమో అని సరిపెట్టుకున్నాను.

ఇక్కడ మట్టి ఇంకా ఆరలేదు. బండి ఎక్కడ దిగబడితే అక్కడే వదిలేసి జనం నడిచి వస్తున్నారు. నీ బదులు ధాన్యం కొని నిలవచేసే ఎలివేటర్‌లో కూర్చోడానికి వచ్చిన కొత్తాయన తూకం బాగానే వేస్తాడు కానీ నోరు విప్పడు. మన రైతులకు తూకం కంటే కబుర్లు ముఖ్యం. అందుకని మొహాలు వేలాడేసుకుని నా టెలిఫోన్ గదికి వస్తున్నారు. ఒక చెవి లైన్లకు, ఒక చెవి వాళ్లకు అప్పగించి కూర్చుంటున్నాను.

అసలు సంగతికొస్తాను. నిన్న చర్చి కింది గదిలో బేస్‌బాల్ జట్టు సమావేశం జరిగింది. మే పన్నెండులోగా తొమ్మిది పేర్లు రాసి పంపకపోతే ఈ ఏడు లీగ్‌లోంచి మన ఊరి పేరు కొట్టేస్తారు. ఇప్పటికే ఈ చివర నుంచి ఆ చివరకు తొంభై మైళ్లలో ఆరు ఊళ్లే మిగిలాయి. నువ్వు లేకపోయేసరికి జట్టును నడిపేవాడు లేడు. చివరికి మన పిచ్చర్ ఆర్విల్ లేచాడు.

"పదిహేనేళ్లుగా స్కోరు పుస్తకం రాస్తున్నది మీరేగా రాగ్నాగారూ. ఎవడు ఎప్పుడు ఎలా అవుటయ్యాడో మాకంటే మీకే బాగా తెలుసు. ఎయినార్ వచ్చేదాకా మేనేజరుగా మీరే ఉండండి."

"ఆడమనిషినా?" అన్నాను.

"రూల్సు పుస్తకం తిరగేశాను. మేనేజరు మగాడై ఉండాలని ఎక్కడా లేదు. మనిషై ఉండాలని కూడా లేదు," అన్నాడు హాల్వర్.

అలా ఒప్పుకున్నాను. లెక్కపెడితే ఎనిమిది మంది తేలారు. తొమ్మిదోవాడు కావాలి, వాడు బ్యాట్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ అయ్యుండాలి. నీ చోట హాల్వర్‌ను కూర్చోబెట్టి చూశాం. ఆర్విల్ బంతి వదలగానే కళ్లు మూసుకుంటున్నాడు. బంతి ఛాతీకి తగిలి ఆగుతోంది కాబట్టి సరిపోయింది. ఎవరిని పెట్టమంటావో రాయి.

రోజూ పాలు తాగు. నీకు ఇష్టం లేదని తెలుసు, అయినా తాగు.

నీ అక్క,
రాగ్నా


శానటోరియం
5 మే 1951

అక్కా,

పాలు తాగుతున్నాను. తాగకపోతే నర్సు పక్కనే నిలబడుతుంది. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు మాట్లాడకూడదు, చదవకూడదు, పక్కకు తిరక్కూడదు. నా పక్క మంచం దెలోర్మ్ అనే ముసలాయనది, రైలు పట్టాల మీద పనిచేసేవాడు. ఆ గంటలన్నీ పెదవులు కదపకుండా మాట్లాడే విద్య ఆయనకు వచ్చు. నాకూ నేర్పుతున్నాడు.

నువ్వు మేనేజరువంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత దగ్గొచ్చింది. ఆలోచిస్తే సరైన పనే. రాసుకో. ఆర్విల్ ఆరో ఇన్నింగ్స్ దాటితే అలిసిపోయి బంతి ఎత్తుగా వేస్తాడు. అప్పుడు క్యాచర్ లేచి వాడి దగ్గరికి నడిచి వెళ్లాలి. ఏం చెప్పినా పరవాలేదు, వాడు ఊపిరి తీసుకునేంతసేపు నిలబడితే చాలు. హాల్వర్‌కు ఎర్రపెట్టెలో ఉన్న పాత మాస్కు ఇవ్వు, నాది వద్దు. వారం రోజులు మెత్తటి బంతితో సాధన చేయించు, కళ్లు తెరుస్తాడు.

ఒక్క మాట. సెయింట్ ఓత్మార్ నుంచి లియో గెరైన్‌ను పిలుద్దామని ఎవరో ఒకరు అంటారు. చుట్టుపక్కల నలభై మైళ్లలో క్యాచర్ అన్నవాడు వాడొక్కడే, నాకూ తెలుసు. వాణ్ణి మాత్రం పిలవకు. నలభై ఆరో సంవత్సరం ఫైనల్లో వాడు పరుగు కోసం హోమ్ ప్లేట్ మీదకు దూసుకొచ్చి నన్ను గుద్ది, అవుటయ్యాక లేచి, నేను బంతి జారవిడిచానని, కాబట్టి తను అవుట్ కాదని, మూడు వందల మంది ముందు నన్ను అబద్ధాలకోరు అన్నాడు. అంపైర్‌ను నెట్టాడు. ఏడాది నిషేధం కొనితెచ్చుకున్నాడు. క్యాచర్ లేక మరుసటి ఏడు వాళ్ల ఊరి జట్టే చెదిరిపోతే ఆ తప్పు కూడా నాదేనన్నాడు. వాడు మన చొక్కా వేసుకుంటే నాకు ఇక్కడ జ్వరం వస్తుంది.

ఎయినార్


గ్రేలింగ్
27 మే 1951

తమ్ముడికి,

నీ ఉత్తరం చేరేసరికి పేర్లు పంపేశాం. నీ సలహాలన్నీ ఆట అయిపోయిన మూడో రోజున అందుతున్నాయి. అయినా దాచుకుని మరుసటి ఆటకు వాడుకుంటున్నాను.

మొదటి ఆట ఓడాం, రెండోది గెలిచాం. ఆర్విల్ తొమ్మిది ఇన్నింగ్సూ వేశాడు. తొమ్మిదో మనిషి దొరికాడు. దక్షిణం వైపునుంచి వస్తాడు, సాగు చేసుకునేవాడు, నెమ్మదస్తుడు. పేపరు ముక్క ఇందులో పెట్టాను. కత్తెర సరిగ్గా పడక కింద కొంచెం పోయింది, ఏమనుకోకు.

ఆట రోజు ఎంత గాలంటే మహిళా సంఘం వాళ్లు పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టెల మీద ఇసుక పొర పేరుకుంది. అలాగే అమ్మారు, అలాగే తిన్నాం. మైదానమంతా గోఫర్ ఉడతల బొరియలే. పూడ్చిన మర్నాటికి మళ్లీ తవ్వేస్తున్నాయి.

నీ ఉత్తరాలు చాలా చిన్నవిగా ఉంటున్నాయి. డాక్టరు ఏమన్నాడో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడం పనిచేస్తోందా?

అక్క


శానటోరియం
24 జూన్ 1951

అక్కా,

ఈ వార్డులో మన జిల్లావాళ్లు ఇంకొకరు ఉన్నారు. ఆయనకు కూడా అదే పేపరు వస్తుంది. ఆయన పేపరు కింద కత్తెర పడలేదు. "క్యాచర్ – ఎల్. గెరైన్, గ్రేలింగ్."

వద్దన్నది ఒకే ఒక్క మనిషిని. నువ్వు వెళ్లి ఆ మనిషినే తెచ్చి నా చోట కూర్చోబెట్టావు. పైగా పేరు కత్తిరించి పంపావు. నేను చిన్నపిల్లాణ్ణా? నాకు తెలిసిపోయింది. ఊళ్లో అందరూ కలిసి నేనిక తిరిగి రానని తీర్మానించుకున్నారు. పోయినవాడి చెప్పులు ఎవరు తొడుక్కుంటే ఏంటి అనుకున్నారు. నా మాస్కు, నా ఛాతీకవచం కూడా వాడికే ఇచ్చి ఉంటారు. చెమట వాసన పోవడానికి ఎండలో ఆరేశారా?

ఇక ఆటల సంగతులు రాయొద్దు.

ఎయినార్


గ్రేలింగ్
2 జులై 1951

ఎయినార్‌కు,

నీ ఉత్తరం స్విచ్‌బోర్డు ముందు కూర్చుని చదివాను. నాలుగు కాల్స్ తప్పు ఇళ్లకు కలిపాను.

పేరు కత్తిరించింది నేనే. తప్పే. నువ్వు ఆవేశపడకూడదని మీ డాక్టరు నాకు విడిగా రాశాడు, అందుకని చేశాను. నీ మాస్కు, కవచం వంటింటి తలుపు వెనక నువ్వు తగిలించి వెళ్లిన మేకుకే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. లియో తన సొంత సామాను తెచ్చుకున్నాడు. ఐదేళ్లు కొట్టంలో పడి ఉండటంతో ఎలుకలు కొట్టేశాయి. భార్య గోనెపట్టాతో అతుకులు వేసింది. దాంతోనే ఆడుతున్నాడు.

నువ్వు తిరిగి రావని ఎవరూ అనుకోలేదు. తొమ్మిదోవాడు లేకపోతే నువ్వు తిరిగి వచ్చేసరికి ఇక్కడ జట్టు ఉండదని అనుకున్నాం. ఈ రెండింటికీ తేడా నీకు కనబడటం లేదు.

అతను రావడానికి నన్ను ఒక్కటి అడిగాడు. ఇచ్చాను. అదేమిటని ఇప్పుడు నన్ను అడక్కు.

ఆటల గురించి రాయొద్దన్నావు కాబట్టి శుక్రవారం గెలిచామని రాయడం లేదు.

రాగ్నా


శానటోరియం
22 జులై 1951

అక్కా,

నాలుగు వారాలుగా రాయలేదు. కోపంతో కాదు. జూన్ మొదట్లోనే డాక్టరు చెప్పాడు. గాలి ఎక్కించడం పనిచేయలేదు. కుడిపక్క ఏడు పక్కటెముకలు తీసేసి ఆ ఊపిరితిత్తిని అణచిపెడతారట. ఆగస్టు ఒకటిన సగం, మూడు వారాల తర్వాత మిగతా సగం. బతికినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో రెండో బేస్‌కు బంతి విసరగలిగినవాడు ఒక్కడూ లేడు. చెయ్యి భుజం పైకి లేవదట. ఇది తెలిసిన రెండు వారాలకు పేపర్లో ఆ పేరు చూశాను. నీకు రాసిన కోపంలో సగం ఈ డాక్టర్ల మీదిది.

దెలోర్మ్ దగ్గరికి ప్రతి శనివారం ఫాదర్ వస్తాడు, దెలోర్మ్ తెర వేసుకుని ఆయనకు పాపాలు చెప్పుకుంటాడు. నిన్న ఫాదర్ వెళ్లాక దెలోర్మ్ నన్ను అడిగాడు.

"మీ లూథరన్లు ఎవరికి చెప్పుకుంటారయ్యా?"

"నేరుగా దేవుడికే."

"ఆయనకి చెప్పడం సులువు. ముందే తెలుసుగా."

నాకు నిద్ర పట్టలేదు. అందుకని నీకు చెబుతున్నాను.

లియో అన్నది నిజం. ఆ రోజు వాడు గుద్దగానే బంతి నా చేతిలోంచి జారిపోయింది. దుమ్ము లేచింది. బంతి నా మోకాలి కింద తగిలింది. అంపైర్ అటుపక్క ఉన్నాడు. వట్టి చేత్తో దాన్ని తీసి తొడుగులో పెట్టి పైకెత్తాను. "అవుట్" అన్నాడు. అంతే. ఇదంతా జరగడానికి నువ్వు ఈ వాక్యం చదివినంతసేపు కూడా పట్టలేదు. తర్వాత చెప్పడానికి మాత్రం ఐదేళ్లున్నాయి, చెప్పలేదు. నన్ను భుజాల మీద మోశారు. దిగాక చెబుదామనుకున్నాను. దిగాక అందరూ చేతులు కలుపుతున్నారు. ఆ తర్వాత వాడి మీద కోపం తెచ్చుకోవడం తేలికైపోయింది.

ఒకటో తారీఖున నాకేదైనా అయితే లియోకు నువ్వే చెప్పు. కాకపోయినా చెప్పు. ఈ ఉత్తరం చదివాక నీకు నా మీద మర్యాద పోతుందని తెలుసు.

ఎయినార్


గ్రేలింగ్
26 జులై 1951

తమ్ముడూ,

ఆపరేషన్ లోపల నీకు అందాలని ఈ ఉత్తరం రైలు గార్డు చేతికే ఇస్తున్నాను.

నాకూ ముందే తెలుసు.

ఆ రోజు స్కోరు బల్ల మూడో బేస్ వైపు తీగ కంచె వెనకాల ఉంది, గుర్తుందా? అంపైర్ అటు ఉంటే నేను ఇటు ఉన్నాను. బంతి నేల మీద తెల్లగా కనబడింది. నీ చెయ్యి కనబడింది. అంపైర్ అవుటన్నాడు కాబట్టి నేను అవుటని రాశాను. స్కోరు రాసేవాళ్లు అంపైర్ అన్నదే రాయాలి, అదే రూలు. ఐదేళ్లు ఆ రూలు చాటున కూర్చున్నాను. ఇంటికొచ్చాక కాఫీ పెట్టి నీ ఎదురుగా కూర్చున్నాను, చెబుతావని. నువ్వు అతను ఎంత గట్టిగా గుద్దాడో చెప్పావు. సరే, రేపు చెబుతాడులే అనుకున్నాను.

లియో అడిగింది ఏమిటో కూడా చెప్పేస్తాను. మే తొమ్మిదిన వాళ్ల పొలానికి వెళ్లాను. విత్తనాలు వేస్తున్నాడు. నన్ను చూసి ట్రాక్టర్ ఆపాడు కానీ దిగలేదు.

"మీ తమ్ముడు పంపాడా?"

"వాడికి తెలీదు. మాకు తొమ్మిదోవాడు లేడు."

"ఆడతాను. ముందు ఒక్క మాట చెప్పండి. ఆ రోజు బంతి పడిందా, లేదా?"

ఇంజను మోగుతూనే ఉంది. వినబడలేదన్నట్టు నటించవచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది నాకు.

"పడింది. నేను చూశాను," అన్నాను.

ట్రాక్టర్ కట్టేశాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. "ఆదివారం ఆట ఎన్నింటికి?" అన్నాడు. అంతే.

నా మర్యాద గురించి రాశావు. అదేదో నా దగ్గర ఎక్కువ ఉన్నట్టు. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. మన ఇంట్లో గొడవ లేకుండా నన్ను నేను కాపాడుకున్నాను.

ఒకటో తారీఖున పొద్దున టెలిఫోన్ గదిలోనే ఉంటాను. ఎవరి కాలూ కలపను, మీ వాళ్ల లైను ఒక్కటే తెరిచి ఉంచుతాను.

నీ అక్క


శానటోరియం
19 ఆగస్టు 1951

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం ఆపరేషన్‌కు ముందురోజు అందింది. మత్తు ఇచ్చేదాకా నీ మీద కోపంగానే ఉన్నాను. భయపడటానికి తీరిక లేకపోయింది. అందుకు నీకు రుణపడ్డాను.

ఐదేళ్లు అదే బల్ల దగ్గర నా ఎదురుగా తింటూ, అదంతా కడుపులో పెట్టుకున్నావు. ఎవరైనా ఆ ఫైనల్ సంగతి ఎత్తినప్పుడల్లా నువ్వు లేచి పొయ్యి దగ్గరికి వెళ్లేదానివి. నీకు ఆట కబుర్లు విసుగనుకున్నాను. ఆ సాయంత్రం చెబుతానని ఎదురుచూశానన్నావు. నువ్వు అడుగుతావని నేను ఎదురుచూశాను అక్కా. కాఫీ చల్లారేదాకా కూర్చున్నాను. అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు అలా అనిపిస్తోంది. నిజమో కాదో తెలీదు.

నేను రాసింది జట్టు ముందు చదివి వినిపించు. బుధవారం మిగతా ఎముకలు తీస్తారు. కోపం చాలావరకు తగ్గింది, ఈసారి భయం వేస్తోంది.

ఎయినార్


గ్రేలింగ్
9 సెప్టెంబరు 1951

తమ్ముడికి,

రెండో ఆపరేషన్ బాగా జరిగిందని నర్సు ఫోన్లో చెప్పినప్పుడు, చాలా ఇళ్లకు ఒకటే తీగ కాబట్టి, నా లైన్ మీద కనీసం ఏడుగురు దొంగచాటుగా విన్నారు. ఊరికి వేరే చాటింపు అక్కర్లేకపోయింది.

సెమీఫైనల్ నాలుగు, రెండుతో ఓడాం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హాల్వర్ వెనక్కి పరిగెడుతూ గోఫర్ బొరియలో కాలు పెట్టాడు. బంతి అతని మీదుగా పోయింది. కాలు విరగలేదు. అక్కడే కూర్చుని గోఫర్లను నార్వీజియన్‌లో తిట్టాడు.

ఆట అయ్యాక అందరినీ చర్చి కింది గదికి రమ్మని నీ ఉత్తరం చదివాను. నేను చూసిన సంగతి కూడా చెప్పాను. ఆర్విల్ లేచాడు.

"నేను గెలిచిన ఫైనల్ అదొక్కటే," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. అతని కోపం న్యాయమే. అతని చేతిలోది లాక్కున్నాం, అదీ ఇన్నేళ్ల తర్వాత.

హాల్వర్ మెల్లిగా, "అయితే ఆ కప్పు ఎవరిది?" అన్నాడు.

అందరూ లియో వైపు చూశారు. "మా సెయింట్ ఓత్మార్‌లో ఇప్పుడు చర్చి, నాలుగు ఇళ్లు ఉన్నాయి. దాన్ని ఎవరికి చూపించను? ఉన్నచోటే ఉండనివ్వండి," అన్నాడు.

తర్వాత బయట అతణ్ణి అడిగాను, మే నెలలోనే తెలిసినా ఊళ్లో ఎందుకు చెప్పలేదని.

"ఐదేళ్ల కిందటైతే గుర్రమెక్కి ఇంటింటికీ వెళ్లి చెప్పేవాణ్ణి. ఈ వేసవి ఆడుతుంటే బాగుంది. చెబితే ఆట ఆగిపోతుందేమోనని భయమేసింది," అన్నాడు. మళ్లీ, "మీ తమ్ముణ్ణి చూడాలి. ఉత్తరంలో కాదు, ఎదురుగా," అన్నాడు.

కోతల మధ్యలో వాన పట్టుకుంది, పనలు పొలాల్లోనే నానుతున్నాయి. వదిలేలా లేదు. చేసే పని లేక, లియోతో కలిసి మన జట్టువాళ్లు కొందరు కారు తీసుకుని వస్తారట. నేను స్విచ్‌బోర్డు వదిలి రాలేను. అతను ఏమన్నా ఊరుకో, దగ్గు తెచ్చుకోకు.

అక్క


శానటోరియం
30 సెప్టెంబరు 1951

అక్కా,

వచ్చారు. రెండు వందల యాభై మైళ్లు బురదలో ఈదుకుంటూ, నలుగురు. ఒకసారికి ఇద్దరినే లోపలికి పంపుతారు. ముందు హాల్వర్, ఆర్విల్ వచ్చారు. ఆర్విల్ నా వైపు చూడకుండా జెల్లీ సీసా బల్ల మీద పెట్టాడు. "మా ఆవిడ పంపింది, తిను," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. వెళ్లేముందు నా దుప్పటి అంచు సరిచేశాడు.

తర్వాత లియో ఒక్కడే వచ్చాడు, నాలుగోవాడు కారు దగ్గరే ఉండిపోయాడట. మనిషి నాకు గుర్తున్నంత ఎత్తు లేడు. కుర్చీ వేసుకుని, ఒకవైపు కుంగిన నా భుజాన్ని చూస్తూ కూర్చున్నాడు. నేను నెల రోజులుగా తయారుచేసుకున్న మాటలు మొదలుపెట్టాను. సగంలో చెయ్యెత్తాడు.

"మీ అక్క చదివారు. విన్నాను. మళ్లీ ఎందుకు?"

"ఎదురుగా చెప్పమన్నావటగా."

"చెప్పమనలేదు. చూస్తానన్నాను. చెప్పాల్సింది నేను." టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేనూ క్యాచర్నే. నీ మోకాలి కింద బంతి ఉంది, అంపైర్ అటు ఉన్నాడు. నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణి? అదే చేసేవాణ్ణి. నేను కింద పడి నీ చెయ్యి చూసినప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. అందుకే అంత కోపం వచ్చింది. అంపైర్‌ను నెట్టింది కూడా అందుకే. మా ఆవిడకి కూడా చెప్పలేదిది."

దెలోర్మ్ అటు తిరిగి పడుకుని నిద్ర నటిస్తున్నాడు.

"అయినా తీసింది నేను. నువ్వు కాదు," అన్నాను.

"అవును. అదీ నిజమే," అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. తర్వాత లియో, ఆర్విల్ ఆరో ఇన్నింగ్స్ దాటాక బంతి ఎందుకు ఎత్తుగా వేస్తాడని అడిగాడు. ముందుకు వేసే కాలు పొట్టిగా పడుతుందని చెప్పాను. ఎడమచేత్తో దుప్పటి మీద గీసి చూపించాను. నర్సు రెండుసార్లు వచ్చి గడియారం చూపించింది. మూడోసారి అతని చొక్కా చెయ్యి పట్టుకుని లేపింది.

కిటికీలోంచి వాళ్లు వెళ్లడం చూశాను. కారు గేటు దగ్గర గుంటలో దిగబడింది. ఆర్విల్ చక్రం ముందు కూర్చున్నాడు, మిగతావాళ్లు వెనక నుంచి తోస్తున్నారు. తోసేకొద్దీ దిగబడుతోంది. లియో జారి బోర్లా పడ్డాడు. లేచి చూస్తే తల నుంచి కాళ్లదాకా బురదే. ఆర్విల్ తలుపు తీసుకుని బయటికొచ్చి పడీపడీ నవ్వాడు. నాకు కుట్లు లాగేశాయి.

వాళ్లు తప్పు వైపు తోస్తున్నారక్కా. ఎడమవైపు గట్టినేల ఉంది, నాకు పైనుంచి కనబడుతూనే ఉంది. మంచం దిగి, కిటికీ పట్టుకుని, ఉన్న ఒక్క ఊపిరితిత్తితో, "ఎడమకు తిప్పండి, ఎడమకు" అని అరిచాను. నలుగురూ తలెత్తి చూశారు. ఎడమకు తిప్పారు. కారు బయటపడింది. నర్సు పరిగెత్తుకొచ్చి, మాట్లాడకూడని సమయంలో ఈ కేకలేమిటని నన్ను మంచం మీదకు నెట్టింది.

నీ తమ్ముడు,
ఎయినార్